చలిదేశాల పెట్టె

ఏప్రిల్ 19, ఆదివారం

సర్దడం ఈ రోజు మొదలుపెట్టాను. ప్రయాణానికి ఇంకా నెలపైనే ఉందమ్మా అని తన్మయి నవ్వింది. నవ్వనీ. మేముండే ఈ సెంబవాంగ్‌లో తెలుగువాళ్లెవరు యూరప్ వెళ్లినా ఏం పెట్టుకోవాలి, ఏం వదిలెయ్యాలి అని ముందు నాకే ఫోన్ చేస్తారు. అందరికీ సర్దిపెట్టి, నా సొంత ప్రయాణానికి చివరి రోజున కుక్కుకుంటే నా పరువేం కాను?

ఈ క్రూజ్‌లో తిరకాసు ఏమిటంటే, ఒక్క టికెట్‌లో రెండు కాలాలున్నాయి. బార్సిలోనాలో ఓడ ఎక్కుతాం. మొదటి వారమంతా స్పెయిన్, పోర్చుగల్, ఎండలు. తరవాత రెండు రోజులు ఎక్కడా ఆగకుండా సముద్రమే. రెండో వారం నార్వే, వానా చలీ. మనిషికో పెట్టె అని సర్దితే ప్రతి ఊళ్లోనూ రెండూ విప్పి తిరగెయ్యాలి. అందుకని నా పద్ధతి వేరు. మనిషికో పెట్టె కాదు, వాతావరణానికో పెట్టె. ఎర్ర పెట్టెలో ఇద్దరి ఎండబట్టలూ, నీలం పెట్టెలో ఇద్దరి చలిబట్టలూ. సగం ప్రయాణం దాకా నీలందాన్ని మంచం కిందనుంచి తియ్యనే అక్కర్లేదు.

ఆయనకు చెప్తే "బాగుంది" అన్నారు. ఈ మధ్య ఏం చెప్పినా బాగుంది అంటున్నారు. ఇరవై ఏళ్లుగా నేనేం చేసినా వంక పెట్టిన కృష్ణచైతన్యగారేనా ఈయన అనిపిస్తోంది.

పప్పుచారు రెండోసారి పోయించుకుని తిన్నారు. బాగానే ఉన్నారు.

ఏప్రిల్ 22

గుమ్మం దగ్గర ఆయన నడక బూట్లు లేవు. అడిగితే ఆఫీసులో ఎవరికో ఇచ్చేశానన్నారు. నార్వేలో కొండలెక్కాలి కదా, కొత్తవి కొందామంటే "చూద్దాంలే" అన్నారు.

ఏప్రిల్ 26, ఆదివారం

లిటిల్ ఇండియా వెళ్లాం. ఆదివారం అక్కడికి వెళ్లడం బుద్ధితక్కువ పని, తెలిసీ వెళ్లాం. సెరంగూన్ రోడ్డు మీద కాలు పెట్టే చోటు లేదు. చెమటలు కారిపోతుంటే ఉన్ని బనియన్లు బేరమాడుతున్న మమ్మల్ని చూసి పక్క కొట్టువాడు నవ్వుకున్నాడు.

బనియన్లు జనార్ధనరావుగారి కొట్లో తీసుకున్నాను. నెల్లూరాయన, మాటలెక్కువ. "సార్, చేతులు కాస్త చాపండి. చలికి లోపల వేసుకునేవి వదులుగా ఉంటే ఉపయోగం ఉండదు" అని టేపు పెట్టి కొలిచారు. మా ఆయన చేతులు చాపి అలాగే నిలబడిపోయారు. కొలవడం అయిపోయాక కూడా దించలేదు. నేనే పట్టుకుని దించాను.

తిరిగొస్తుంటే టిఫిన్ హోటల్ ముందు ఆగారు. అనిల్‌కుమార్ ఎప్పుడూ కూర్చునే బల్ల వైపు చూశారు. ఆకలేస్తోందా అంటే లేదన్నారు.

అనిల్‌కుమార్ సంగతి రాయకూడదనుకున్నాను. కానీ ఈ డైరీ నేను తప్ప ఎవరు చదువుతారు? చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆయన టీమ్‌లో పనిచేసేవాడు. డిసెంబరులో ఒకరిని తీసేయాలి, పేరు నువ్వే చెప్పమని పైవాళ్లు అడిగితే ఈయన అనిల్ పేరు చెప్పారు. అందరిలోకీ పనిమంతుడు, వారంలో ఇంకోచోట దొరుకుతుందని ఆయన లెక్క. దొరకలేదు. ఇక్కడ పనిచెయ్యడానికిచ్చే పాస్ గడువు అయిపోయి, భార్యాపిల్లల్ని తీసుకుని రాజమండ్రి వెళ్లిపోయాడు. ఫిబ్రవరిలో ఒకరోజు పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె అన్నారు. నలభై కూడా లేవు.

ఆ కబురు వచ్చాక ఆయన రెండు వారాలు మంచం దిగలేదు. అందరికీ ఫ్లూ అని చెప్పాను. అమ్మకు కూడా అదే చెప్పాను. మనసు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారట అని మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక్కసారి పడిందంటే ఇక తుడిచినా పోదు. తన్మయికి రేపు సంబంధాలు చూడాలి. అయినా ఆయన తనంతట తానే లేచి, గడ్డం గీసుకుని ఆఫీసుకు వెళ్లారు. మార్చిలో నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఈ క్రూజ్ బుక్ చేశారు. ఇరవయ్యో పెళ్లిరోజుకట. ఫ్యాను కొనడానికి మూడు నెలలు ఆలోచించే మనిషి!

అంటే తేరుకున్నట్టే కదా.

మే 2, శనివారం

ఓడలో కిటికీ లేని గది మార్పించి బాల్కనీ ఉన్న గది తీసుకున్నారు. చూపిస్తే ఎగిరి గంతేశాను. "మధ్యలో రెండు రోజులు ఏ ఊరూ రాదు కదా. సముద్రం చూస్తూ కూర్చోవచ్చు" అన్నారు.

ఈయనకు సముద్రమంటే పడదు. పెళ్లయిన కొత్తలో కాకినాడ బీచ్‌లో మోకాలిలోతు నీళ్లలోకి రమ్మంటే రాలేదు. ఈత రాదు. ఒడ్డునే ఉన్న ఈస్ట్ కోస్ట్ పార్కులో కూడా చెట్ల వైపు ముఖం పెట్టి కూర్చుంటారు.

మనుషులు మారతారు. మంచికే మారారు. సంతోషంగా ఉంది, ఉన్నమాట రాస్తున్నాను, నాకు చాలా సంతోషంగా ఉంది.

మే 5

మంగళవారం. సర్దలేదు.

మే 9, శనివారం

పొద్దున్నించీ ఇంట్లో మరమ్మతులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. తన్మయి గది తలుపు కిర్రుమనడం లేదు. రెండేళ్లుగా అడుగుతున్న అల్మరా చెక్క బిగించారు. తరవాత తన్మయిని పిలిచి మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఏసీ సర్వీసువాడి నంబరేమిటో, ఇంటి కాగితాలు ఏ అరలో ఉన్నాయో చూపించారు.

"నాన్నా, టూ వీక్సే కదా మీరు వెళ్లేది. సుబ్బమ్మ ఆంటీ పక్కనే ఉంటారు లా" అంది అది, ఇక్కడివాళ్ల యాసలో.

"రెండు వారాల్లో ఫ్యూజు పోకూడదని ఎక్కడైనా ఉందా?" అని దాని తల నిమిరారు. చాలాసేపు నిమిరారు. అది ఫోన్ చూసుకుంటూ నిలబడింది.

తరవాత వంటింట్లోకొచ్చి, "అమ్మా, నాన్న ఈజ్ బీయింగ్ సో నైస్. ఐ డోంట్ లైక్ ఇట్" అంది.

నాకు కోపం వచ్చింది. నాన్న పట్టించుకోకపోతే పట్టించుకోరని ఏడుపు, పట్టించుకుంటే ఇదీ వరస! గట్టిగానే కేకలేశాను. అది చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది. తలుపు ఈసారి చప్పుడు కూడా చెయ్యలేదు.

ఆయన బాగానే తిన్నారు. గుత్తివంకాయ.

మే 13

అమ్మ ఫోన్. మా విమానం ముప్పై ఒకటో తారీఖు, ఆదివారం. ఆదివారం పడమరకు శూల. "పడమటి దేశం వెళ్తూ ఆదివారం కదులుతారుటే? టికెట్లు తీసుకునేముందు ఒక్కమాట అడగొద్దూ?" అని నన్ను కడిగేసింది. టికెట్లు అల్లుడుగారే తీసుకున్నారమ్మా అంటే కాస్త తగ్గింది. చివరికి దారీ తనే చెప్పింది. ముందు సోమవారం మంచి గడియలో ప్రస్థానం పెట్టమంది. ఒక పెట్టెను పసుపు బియ్యంతో సహా గడప దాటించి, పడమర వైపున్న ఇంట్లో ఉంచితే ప్రయాణం ఆ గడియలోనే మొదలైనట్టు లెక్క. తరవాత మనం ఎప్పుడు బయలుదేరినా దోషం లేదు. వెళ్లేటప్పుడు దాన్ని అటునుంచే అటు తీసుకుపోవాలి. మళ్లీ మన గడప లోపలికి మాత్రం తేకూడదు.

సుబ్బమ్మ ఆంటీ ఫ్లాట్ సరిగ్గా మాకు పడమర. ఏ పెట్టె పెట్టాలో కూడా ఆలోచించక్కర్లేదు. సగం దారి దాకా అవసరంలేని నీలం పెట్టె ఉండనే ఉంది.

ఇలాంటివి ఆయనకు గిట్టవు. గృహప్రవేశం నాడు పురోహితుడితో వాదించిన మనిషి. నసుగుతూ చెప్పాను. "పెడదాం. ముందే బయలుదేరినట్టు అవుతుందంటే మంచిదే కదా" అన్నారు.

మే 17, ఆదివారం

నీలం పెట్టె సర్దాం. నా సగం నేను పెట్టాను. ఉన్ని బనియన్లు, స్వెట్టర్లు, వాన కోటు, మందం మేజోళ్లు. చలికి ఒక్క లావుపాటి కోటు కంటే పలచటివి మూడు ఒకదానిమీదొకటి వేసుకోవడం మేలని అందరికీ చెప్పేదే, ఈయనకూ చెప్పాను. ఆయన బట్టలు మంచం మీద పేర్చి మడతపెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"నావి నేను పెట్టుకుంటాను. నువ్వెళ్లి కాస్త నడుం వాల్చు."

ఇరవై ఏళ్లలో తన రుమాలు తను పెట్టుకోలేదు. నవ్వాను. హాల్లోకి వచ్చి టీవీ పెట్టుకున్నాను. తలుపు దగ్గరగా వేసి చాలాసేపు సర్దారు. అయ్యాక పిలిచారు. పెట్టె మూసి, తాళం కూడా వేసేశారు. నా వైపు మడతలు చెదరలేదు కదా అంటే, "నీకు ఏ లోటూ లేకుండా సర్దాను" అన్నారు.

ఆ మాటకు కళ్లు చెమర్చాయి. మొగుడి నోట ఇలాంటి మాట వినడానికి ఓడ ఎక్కాల్సి వచ్చింది.

మే 21

నిద్రలో మాట్లాడుతున్నారు. ఏమంటున్నారో తెలియడం లేదు. ప్రయాణం హడావుడి.

మే 25, సోమవారం

ప్రస్థానం పెట్టాం. ఏడు దాటాక మంచి గడియ. పెట్టె మీద పసుపు బియ్యం పోసి, బొట్టు పెట్టి, ఆయన చేత గడప దాటించాను. వీడియో కాల్‌లో అమ్మ కాకినాడనుంచి చూస్తూ, "కుడికాలు, కుడికాలు!" అని ఒకటే అరుపు. సుబ్బమ్మ ఆంటీ తలస్నానం చేసి, తలుపులు బార్లా తెరిచి నిలబడ్డారు. ఆవిడ మామగారు శ్రీకాకుళం వైపునుంచి ఇక్కడి నౌకా స్థావరంలో పనికి వచ్చారట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా ఇలాంటివి మనకంటే ఆవిడకే ఎక్కువ పట్టింపు.

"ఆ మూల పెట్టు బాబూ. నేను గూడా చెయ్యెయ్యను. నా మనవలొస్తే గూడా జాగా అని చెప్తాను" అన్నారు. జాగా అంటే ఆవిడ భాషలో కాపలా.

కారిడార్‌లో ఒక చిన్న సంగతి జరిగింది. చక్రాలకు పసుపు అంటుకుంటుందని తన్మయి పెట్టెను ఎత్తి పట్టుకుంది. ఒక్క చేత్తో ఎత్తేసింది. "అమ్మా, సో లైట్ అహ్? వింటర్ క్లోత్స్ కదా?"

ఆయన గబుక్కున అందుకున్నారు.

పొంగలి చేశాను. బాగానే తిన్నారు.

మే 26

ఉన్ని బట్టలు ఇప్పుడు తేలికగానే వస్తున్నాయి. జనార్ధనరావుగారు కూడా అదే చెప్పారు. కొత్త రకం దారం.

మే 27

సుబ్బమ్మ ఆంటీ చేపల పులుసు గిన్నె తిరిగివ్వడానికి వచ్చారు. కాసేపు ఇంట్లోవీ ఊళ్లోవీ మాట్లాడి, వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగారు.

"ఉజ్వలా, నీ మొగుడు మొన్న పెట్టె పెట్టేసి ఊరికే నిలబడిపోయాడు. కూకోమంటే కూకోడు. నువ్వు ఇంట్లోకెళ్లిపోయాక అంటాడు గదా, ఆంటీ, ఉజ్వలనీ పాపనీ చూసుకోండి అని."

"తన్మయి ఒక్కతే ఉంటుంది కదా ఆంటీ, అందుకని."

"పాపంటే సరే. నువ్వు ఓడలో ఉంటావు గదా. నేనెట్టా చూసుకుంటాను?"

నోటికొచ్చింది చెప్పాను. మాట తడబడి ఉంటుంది, ఇద్దరి పేర్లూ కలిపి అలవాటు కదా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అంతేలే" అని వెళ్లిపోయారు.

మాట తడబడింది. అంతే.

నేనెందుకు ఇది రెండుసార్లు రాశాను?

మే 28, గురువారం

చేతి తొడుగులు మర్చిపోయానని లిటిల్ ఇండియా వెళ్లాను. ఒక్కదాన్నే. చేతి తొడుగులు మర్చిపోలేదు, ఉన్నాయి. ఎందుకు వెళ్లానో నాకు తెలుసు.

జనార్ధనరావుగారు నన్ను చూడగానే, "ఏమ్మా, సార్ రావడం లేదంట గదా నార్వేకి?" అన్నారు.

"ఎవరన్నారు?"

"ఆయనే. పోయిన వారం వచ్చి జెంట్స్ సెట్టంతా వాపసిచ్చి పోయాడే. సీలు గూడా తీయలా. లేడీస్‌వి మాత్రం బాగున్నాయా, చలికి ఆగుతాయా అని నాలుగుసార్లు అడిగాడు. నేనైతే మీరు ఆడోళ్లు గ్రూపుగా పోతా ఉన్నారేమో అనుకున్నా. వాపసుకు నేనేం అనుకోలా, మన సారే గదా."

సైజు సరిపోలేదు, వేరేచోట తీసుకున్నాం అన్నాను. ఎంత తేలిగ్గా వస్తోందో నాకు అబద్ధం. ఫ్లూ అన్నప్పుడు కూడా ఇంతే తేలిగ్గా వచ్చింది.

రైల్లో ఇంటికొస్తూ ఎన్నో అనుకున్నాను. పాత బనియన్లు చాలనుకున్నారేమో. ఓడలో కొనుక్కుందామనుకున్నారేమో. ఇంకో మనిషి ఉందేమో, మధ్యలో దిగిపోతారేమో. ఈ చివరిది తట్టినప్పుడు, నా బతుకు ఎక్కడికొచ్చిందో, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అదే అయితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం ఆయన ముఖం చూస్తూ అన్నం వడ్డించాను. నవ్వారు. రెండోసారి పెట్టించుకున్నారు. రెండోసారి పెట్టించుకున్నది కంచంలోనే వదిలేశారు. రోజూ అలాగే వదిలేస్తున్నారా? నేను కంచాలు చూడకుండా కడుగుతున్నానా?

మే 30, శనివారం

నిన్న రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

నిన్న మధ్యాహ్నం తన్మయి అల్మరాలో దాని పాత స్కూల్ సంచుల వెనక ఆయన బూడిదరంగు జాకెట్ కనపడింది. నేను మంచం మీద పేర్చిన స్వెట్టర్లు కూడా అక్కడే ఉన్నాయి. మడత విప్పలేదు. నేరుగా సుబ్బమ్మ ఆంటీ ఇంటికి వెళ్లాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఆ పెట్టె తెరవాలి ఆంటీ."

"అయ్యయ్యో, ప్రస్థానం సామాను ముట్టుకోకూడదు పిల్లా! మా అత్త ఎప్పుడూ చెప్పేది. గడప దాటిన పెట్టె మళ్లీ వెనక్కొస్తే ప్రయాణం నిలిచిపోద్ది."

"నిలిచిపోనీ ఆంటీ" అన్నాను. ఆవిడ పక్కకు తప్పుకున్నారు.

తాళానికి అంకెలు తన్మయి పుట్టినరోజే. ఇంట్లో అన్నిటికీ అవే. తెరిచాను.

నా సగం నేను పెట్టినదానికంటే నిండుగా ఉంది. వేడినీళ్ల రబ్బరు సంచి, నా తలనొప్పి మందు, అమ్మ అల్లిన శాలువ, నేను మర్చిపోయిన మఫ్లరు, పెదాలకు రాసుకునే క్రీము. మేజోళ్లు జత జత కలిపి గుండ్రంగా చుట్టారు. ఆ పని ఎక్కడ నేర్చుకున్నారో. ఆయన సగంలో ఒక దిండు ఉంది. మా ఇంటి పాత దిండు, ఉతికిన గలీబు తొడిగి. కదిపితే ఖాళీ అని తెలియకుండా.

ఆయన బట్టలు ఒక్కటి కూడా లేవు. ఎండల్లో వేసుకునేవి ఎర్ర పెట్టెలో అన్నీ ఉన్నాయి, లిస్బన్ దాకా. ఆ తరవాత రెండు రోజుల సముద్రం. దాని అవతల ఆయనకు ఒక్క చొక్కా లేదు.

నేలమీద కూలబడ్డాను. సుబ్బమ్మ ఆంటీ దిండును చూశారు, నన్ను చూశారు. మంచినీళ్లు తెచ్చి తాగించారు. తరవాత పెట్టె ఒక పక్క ఆవిడ పట్టుకున్నారు, ఒక పక్క నేను పట్టుకున్నాను. పసుపు బియ్యం రాలుతుండగా కారిడార్ దాటించి, మా గడప దాటించి, హాలు మధ్యలో తెరిచిపెట్టాం. అన్నీ తెలిసిన ఆవిడ కూడా ఎడమకాలో కుడికాలో చూడలేదు.

ఆరు గంటలకు ఆయన వచ్చారు. ఉద్యోగం వదిలేసి వస్తున్న మనిషిలాగా చేతిలో ఆఫీసు కప్పు, పెన్నుల డబ్బా ఉన్నాయి. పెట్టెను చూసి అలాగే నిలబడ్డారు. తన్మయి ట్యూషన్‌లో ఉంది. అదొక్కటే అదృష్టం.

"చలికి మీ బట్టలేవి?" అని అడిగాను.

కప్పు, డబ్బా బల్ల మీద పెట్టారు.

"ఏమండీ, నార్వేలో మీరేం వేసుకుంటారు?"

"అంతదూరం వస్తాననుకోలేదు, ఉజ్వలా" అన్నారు.

ఆఫీసుకు ఆలస్యమవుతుందని చెప్పినట్టు చెప్పారు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చేతికందిన దిండు ఆయన మీదకు విసిరాను. నన్ను బాల్కనీలో కూర్చోబెట్టి, నాకు శాలువలు కప్పి, మీరు... అని అరిచాను. పక్క ఫ్లాట్లవాళ్లు విన్నా సరే అనుకున్నాను. దిండు ఆయన కాళ్ల దగ్గర పడింది. దాన్ని తీసి దుమ్ము దులిపారు.

"ఇక్కడైతే పాప చూస్తుంది" అన్నారు.

అప్పుడు భయం వేసింది. ఈ మనిషి మార్చినుంచి ఇదే ఆలోచిస్తున్నారు. నేను పక్కనే కూర్చుని, పలచటివి మూడు వేసుకోవాలి అని పాఠం చెప్తున్నాను.

"అనిల్ పిల్లాడు ఫోన్ చేశాడు, ఫిబ్రవరిలో. నాన్న ఆఫీసులో బాగా పనిచేసేవారా అంకుల్ అని అడిగాడు. బాగా చేసేవాడు అన్నాను. మరి ఎందుకు తీసేశారు అన్నాడు." ఇది చెప్పి, పెట్టె పక్కన కూర్చుని ఏడ్చారు. ఫిబ్రవరినుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు. ఏడవలేదు కాబట్టి బాగున్నారనుకున్నాను.

ఆయన చెయ్యి వదలకుండానే సుబ్బమ్మ ఆంటీని పిలిచాను. ఆవిడ అప్పటికే టాక్సీ పిలిపించేశారు. "పాపను నేను చూసుకుంటాను. నడవండి. ఎవరేమన్నా అననీ, నడవండి" అన్నారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎప్పటినుంచి అని అడిగితే, ఫ్లూ అని నోటిదాకా వచ్చింది. మింగేసి ఫిబ్రవరినుంచి అన్నాను. అన్నీ చెప్పాను. దిండు సంగతి కూడా. ఆవిడ ఆయనతో చాలాసేపు విడిగా మాట్లాడి, కొన్నాళ్లు ఇక్కడే ఉంచుకుంటాం అంది.

తన్మయికి నేనే చెప్పాలి. ఇంటికి వచ్చేసరికి అది నీలం పెట్టె ముందు కూర్చుని ఉంది. "ఐ టోల్డ్ యూ ఇట్ వాజ్ లైట్, అమ్మా" అంది. అవునే, చెప్పావు అన్నాను. ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

మే 31, ఆదివారం

విమానం పది గంటలకు. ఇప్పటికి వెళ్లిపోయి ఉంటుంది.

పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "బయలుదేరుతున్నారా? పెట్టె అటునుంచే తీసుకుంటారుగా?"

"పెట్టె మొన్ననే వెనక్కి తెచ్చేశానమ్మా."

"అయ్యో! తెస్తే ప్రయాణం ఆగిపోతుందే!"

"ఆగిపోవాలనే తెచ్చాను" అన్నాను.

అమ్మ గొంతు తగ్గించింది. "అల్లుడు బాగున్నాడా?" అంది.

ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో ఆ మాట. తిరగేసి చూసుకునే ధైర్యం లేదు.

"బాగాలేరమ్మా" అన్నాను. నాలుగు నెలల్లో అమ్మకు చెప్పిన నిజం ఇదొక్కటే. అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఎందుకో కాస్త తెరిపిగా అనిపించింది.

వార్డులో ఏసీ మరీ ఎక్కువ. ఆయన మోకాళ్లు దగ్గరకు తీసుకుని కూర్చున్నారు, వణుకుతున్నారు. బూడిదరంగు జాకెట్ తీసుకెళ్లాను. గుమ్మం దగ్గర నర్సు దాన్ని తిరగేసి చూసి, టోపీకి ఉన్న తాడు లాగేసి నాకు ఇచ్చింది. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ తాడు గుప్పెట్లో నలుపుకుంటూ నడిచాను. ఇన్నేళ్లుగా ఊరందరికీ సర్దిపెడుతున్నాను, ఇలా సర్దడం నాకు తెలియదు.

పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, "నార్వేలో ఇప్పుడు చలి ఎంత ఉంటుంది?" అన్నారు.

"ఇంతే ఉంటుంది. ఈ గదిలో ఉన్నంతే" అన్నాను.

జాకెట్ చాపి పట్టుకున్నాను. చూస్తూ ఉండిపోయారు. మళ్లీ ఆ కొట్లో నిలబడ్డట్టే ఉంటారేమోననుకున్నాను. తరవాత ఒక చెయ్యి పెట్టారు. రెండో చెయ్యి నేను పెట్టించాను.

పెరుగన్నం రెండు ముద్దలు తిన్నారు. కంచం చూశాను, రెండే.

బాగాలేరు.

రేపు మేజోళ్లు తీసుకెళ్లాలి. మందంవి, నీలం పెట్టెలోవి. నావే అయినా సరిపోతాయి.